జోనీ మిచెల్‌ను తెలుగులో ఏమని పిలవాలి?

మాస్టారూ, పాశ్చాత్య గాయని జోనీ మిచెల్‌ను ‘జానపద గాయని’ అంటే సరిపోతుంది కదా అని నిన్న మీరు రాశారు. సరిపోదని నా గట్టి నమ్మకం. పెద్దవారు, కాస్త ఓపికగా చదవండి.

జానపదం అనగానే మనకు మనసులో మెదిలేది కట్టినవారి పేరు తెలియని పాట. నాట్ల పాట, గొబ్బి పాట, సువ్వి పాట ఎవరు కట్టారని ఎవరూ అడగరు. 1960ల నాటి అమెరికాలో జానపద గాయనులుగా పేరుపడ్డవాళ్ళంతా ఒక్క తీరువాళ్ళు కారు. జోన్ బయెజ్ 1960లో తెచ్చిన తొలి ఆల్బమ్‌లో ఉన్నవి ఎక్కువగా తరాల నాటి పాటలే. సొంతంగా రాయడం ఆమెకు ఆ తరువాతి సంగతి. 1943లో కెనడాలో పుట్టిన జోనీ మిచెల్‌కు పేరు తెచ్చినవి మాత్రం తాను రాసి, తానే బాణీ కట్టుకున్న పాటలు. తొమ్మిదేళ్ళప్పుడు పోలియో సోకి ఆమె ఎడమచెయ్యి బలహీనపడింది. గిటారు మీద అందరూ పట్టే పట్లు కష్టమయ్యాయి. అందుకని తీగల శ్రుతినే తన చేతికి అనువుగా మార్చుకుంది. ఆ బాణీల్లోని వింత అందం చాలావరకు అక్కడి నుంచే వచ్చింది.

తిరుపతి హాస్టల్లో నేనూ, పలమనేరు నుంచి వచ్చిన నా స్నేహితురాలూ ఆ పాటలను తెలుగు లిపిలో రాసుకునేవాళ్ళం. జోనీ ఊపిరి తీసుకునే చోటల్లా పెన్సిలుతో నిలువుగీత. ఆ గీతల వల్లే ఒక సంగతి తెలిసింది: చాలాచోట్ల వాక్యం ముగియకముందే ఊపిరి మారుతోంది, రాగం మాత్రం తెగడం లేదు. మాటా బాణీ ఒకే మనసులో పుడితేనే ఇలా కుదురుతుందని నాకు అనిపిస్తుంది. పద్దెనిమిదేళ్ళ పిల్లలకు ఒక గొంతు మీద కలిగే ఇష్టాన్ని ‘పిచ్చి’ అని కొట్టిపారేయకండి. ఛందస్సు పాఠం కన్నా ముందు నాకు యతి విలువ తెలిసింది ఆ పాటల దగ్గరే.

మనకు మాట లేకపోలేదు. ‘వాచం గేయం చ కురుతే యః స వాగ్గేయకారకః’ అంటుంది పదమూడో శతాబ్దంలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీత శాస్త్ర గ్రంథం సంగీత రత్నాకరం. మాటను, పాటను రెంటినీ చేసేవారే వాగ్గేయకారులు.

మాస్టారి జవాబు: అమ్మా, అది అన్నమయ్యకు, త్యాగయ్యకు వాడే మాట. గిటారు పట్టుకున్న అమ్మాయికి అంత బరువు మోపడం ఎందుకు?

నా జవాబు: శార్ఙ్గదేవుడు ఆ తరువాత చెప్పిన లక్షణాల్లో మొదట వచ్చేవి వ్యాకరణం, నిఘంటువు, ఛందస్సు, అలంకారాలు మాస్టారూ. వాద్యం ఏదైతేనేం? ఇక ఆడవాళ్ళ సంగతంటారా, మన తిరుమల కొండ మీదే ఉంది ఆధారం. ఏకాంత సేవలో ‘తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి’ అని సామెతే పుట్టింది. ఆ తరిగొండ వెంగమాంబ (1730–1817) మన వైపు ఆడపడుచే. యక్షగానాలు రాసింది, ద్విపదలో భాగవతం రాసింది, పాటలు కట్టింది. ఆమె పేరు పెట్టిన అన్నప్రసాద భవనంలో భోంచేసి వచ్చే వాళ్ళలో ఆమె పాట ఒక్కటైనా నోటికి వచ్చినవాళ్ళు ఎందరు? ఆ లోటు నన్ను నిజంగా బాధపెడుతుంది.

కళాకారుడికి కళాకారిణి ఉన్నట్టే వాగ్గేయకారిణి. సంస్కృత వ్యాకరణం ప్రకారం ‘కారీ’ అనాలని ఎవరైనా అంటే, కుంభకారీ లాంటి రూపాలు ఉన్న మాట నిజమే. తెలుగు చెవికి మాత్రం కారిణే అలవాటు. వెంగమాంబకూ, జోనీ మిచెల్‌కూ నేను అదే వాడతాను.