ట్రైల్ కెమెరా ఫోటోలు వేటాడే స్నేహితుడికి పంపవచ్చా?

అరిజోనాలో వేట లైసెన్స్ ఉన్న మనవాళ్లెవరైనా దయచేసి చెప్పండి. ఇక్కడ వేటకు ట్రైల్ కెమెరాలు (జంతువు కదలగానే వాటంతటవే ఫోటో తీసేవి) వాడకూడదని 2022 జనవరి 1 నుంచి నిబంధన ఉంది. ఎండాకాలం జంతువులు తాగే నీటి గుంట చుట్టూ కెమెరాలు కట్టేస్తే వాటికి తప్పించుకునే దారేది? అందుకే నిషేధం న్యాయమేనని నా గట్టి నమ్మకం. నెవాడాలోలా కొన్ని నెలలకే పరిమితం చేస్తే చాలంటాడు నా స్నేహితుడు (అతను వేటాడతాడు, నాకు అలవాటు లేదు).

అసలు సంగతేంటంటే, మా ఇంటి వెనక జావెలీనాలు (అడవిపందుల్లా ఉండే జంతువులు), అప్పుడప్పుడు మ్యూల్ డీర్ అనే జింకలు తిరుగుతాయి. చూడాలన్న ఇష్టంతో కెమెరా పెట్టాను. వేట కోసం కాదు కాబట్టి తప్పు లేదనే అనుకుంటున్నాను. కానీ ఆ ఫోటోలు టైముతో సహా అతనికి పంపితే వేటకు సాయం చేసినట్టేనా? సీజన్ దగ్గరపడింది, అతను అడుగుతున్నాడు, నాకు టెన్షన్‌గా ఉంది. దీని గురించి గేమ్ వార్డెన్‌తో (వేట నిబంధనలు చూసే అధికారి) మాట్లాడినవారు ఉన్నారా?