ఎస్పెరాంతో పట్టికలో ‘ఇక్కడ’ ఏ వరసలో ఉంది?

మా తమ్ముడు బీటెక్ చదువుతూ సొంతంగా ఒక భాష తయారు చేస్తున్నాడు, రూల్స్ అన్నీ ఎక్సెల్ షీట్‌లో రాసుకుంటున్నాడు. ఈమధ్య ఎస్పెరాంతో అనే కృత్రిమ భాష పిచ్చి పట్టింది. ఎక్కడ, ఎప్పుడు, ఎలా లాంటి పదాలన్నీ అందులో ఒకే పట్టికలో సెట్ అవుతాయంట, ఇంత లాజిక్ తెలుగులో ఏడుంది అంటున్నాడు. నిజమేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

— సగం నిజమేనండి. జమెన్‌హోఫ్ అనే కంటి డాక్టర్ 1887లో వార్సాలో ఈ భాష బయటపెట్టినప్పుడు గ్రామర్ మొత్తం 16 రూల్స్‌లో తేల్చేశాడు. నామవాచకం చివర ఓ, విశేషణం చివర ఆ, బహువచనానికి య్, కర్మకి న్, అంటే మన ని, ను లాగే. అదంతా ఈజీ. మీవాడికి నచ్చింది 45 పదాల పట్టిక. కియె అంటే ఎక్కడ, తియె అక్కడ, ఇయె ఎక్కడో, చియె అన్నిచోట్లా, నెనియె అంటే ఎక్కడా లేదు. చివర్న యె తీసి యం పెడితే ఎప్పుడు, అప్పుడు, ఎప్పుడో... అట్లా వరసగా వచ్చేస్తాయి.

ఇప్పుడు మనది చూడండి. ఎక్కడ అక్కడ ఇక్కడ, ఎప్పుడు అప్పుడు ఇప్పుడు, ఎంత అంత ఇంత, ఎలా అలా ఇలా. స్కూల్లో బట్టీ కొట్టిన త్రికసంధి గుర్తుందా, ఆ, ఈ, ఏ త్రికములు, ఆ+కాలము అక్కాలము? చిన్నయసూరి చెప్పిన ఆ మూడే ఇక్కడా పనిచేస్తున్నాయి, ఆ+కడ అక్కడ, ఈ+కడ ఇక్కడ. అసలు మజా ఏంటంటే ఎస్పెరాంతోలో దగ్గర అనేదానికి సొంత వరసే లేదు, ‘ఇక్కడ’ అనాలంటే తియె ముందు చి అని ఒక ముక్క తగిలించాలి, చి తియె. అంటే ఆయన పట్టికలో ఈ-కారం వరస మిస్సింగ్, మీవాడు కాపీ కొట్టేముందు ఇది చూసుకోమనండి.

— హైదరాబాద్‌లో ఇంకా పక్కా ఉంటది అన్నా. ఏడ ఆడ ఈడ, ఎట్ల గట్ల గిట్ల, గప్పుడు గిప్పుడు, గంత గింత. ప్రశ్నకి గ రాదు, చూపించేదానికే వస్తది. ఇది కూడా రూలే కదా, ఎవరూ రాసిపెట్టలే అంతే.

— బాగుంది గానీ మన పట్టికకీ బొక్కలున్నాయండి. ఎవరు అంటే జవాబు అవరు, ఇవరు రావాలి కదా, కన్నడంలో వస్తాయి, మనకి వాళ్ళు, వీళ్ళు అయిపోయాయి. ఇంకోటి, ‘అన్ని’. మోండా మార్కెట్ నుంచి సంచీ నిండా తెచ్చినాయన్ని ఇంట్లో “అన్ని టమాటలు కొన్నావా” అంటే, అంత ఎక్కువ కొన్నావా అనా, బండి మీదున్నవన్నీ కొనేశావా అనా? ఎస్పెరాంతోలో ఈ గొడవ లేదు, మొదటిదానికి తియొం, రెండోదానికి చియుయ్, వేరువేరు వరసలు.

నెనియె కూడా చూడండి, ఆ పదంలోనే ‘లేదు’ ఉంది కాబట్టి క్రియ మామూలుగానే ఉంటుంది. మనం ఎక్కడా అన్నాక క్రియని కూడా తిప్పాలి, ఎక్కడా లేడు, ఎక్కడా దొరకదు. నాకైతే మన పద్ధతే నచ్చుతుంది, ఒక్క ఎక్కడ తీసుకుని చివర ఓ, ఐనా, ఆ మారుస్తే ఎక్కడో, ఎక్కడైనా, ఎక్కడా వచ్చేస్తాయి, పదం ముందు కొత్త తలకాయలు అక్కర్లేదు.

— తమ్ముడికి ఇంకో ఐడియా. తమిళంలో పాత వ్యాకరణ గ్రంథం తొల్కాప్పియంలో చూపించే అక్షరాలు మూడు, అ, ఇ, ఉ. జపనీస్‌లో కూడా నా దగ్గర, నీ దగ్గర, ఇద్దరికీ దూరం అని మూడు, కొరె, సొరె, అరె, ప్రశ్నకి దొరె. కొత్త భాష కడుతున్నప్పుడు రెండే ఎందుకు, మూడు పెట్టుకోమనండి.

— థాంక్స్ అందరికీ, వాడికి చూపించా. ‘ఏమి’కి జోడీ ఏది, ఆమి, ఈమి లేవుగా అని రివర్స్‌లో నన్నే అడుగుతున్నాడు.

— ఏంది అని అడగమను. ఏంది, గది, గిది.