8 జీబీ ల్యాప్‌టాప్‌లో జీటీఏ ఫైవ్ 20 నిమిషాలకే క్రాష్, డ్రైవర్ మార్చినా అంతే

పులిహోర_పొట్లం:

అందరికీ నమస్తే. సెమిస్టర్ పరీక్షలు మొన్ననే అయిపోయాయి, ఈ పది రోజులైనా హాయిగా ఆడుకుందామని హాస్టల్ వైఫైలో రెండు రాత్రులు జాగారం చేసి జీటీఏ ఫైవ్ దించుకున్నాను. గేమ్ ఓపెన్ అవుతుంది, సిటీలో తిరిగినంతసేపూ బానే ఉంటుంది. కారేసుకుని ఊరి బయటికి, ఆ ఎడారి వైపు హైవే ఎక్కానంటే మాత్రం కథ మొదలు. ముందు రోడ్డు, గోడలు మైనం కరిగినట్టు అయిపోతాయి, తర్వాత స్క్రీన్ ఒక్క క్షణం బిగుసుకుపోతుంది, ఆ తర్వాత గేమ్ మూసుకుపోయి డెస్క్‌టాప్ కనిపిస్తుంది. ఒక్కోసారి చిన్న డబ్బా వస్తుంది, అందులో జీఎఫ్ఎక్స్, డీ3డీ, ఇనిట్ అని ఏదో రాసి ఉంటుంది. ఒక్కోసారి అదీ రాదు.

నా ల్యాప్‌టాప్: 11వ తరం ఇంటెల్ ఐ5 1135జీ7, 8 జీబీ ర్యామ్, 512 ఎస్ఎస్‌డీ, విండోస్ 11. విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేదు, ప్రాసెసర్‌లో ఉన్నదే.

చేసి చూసినవి: గేమ్ ఫైల్స్ వెరిఫై చేశాను, అన్నీ బాగున్నాయంది. రిజల్యూషన్ 720పీకి దించాను. గేమ్ బొమ్మలు గీయడానికి వాడే డైరెక్ట్ఎక్స్‌ని 11 నుంచి 10.1కి మార్చాను (ఎవరో చెప్పారు), 5 నిమిషాలు ఎక్కువ నడిచింది అంతే. వేడెక్కుతోందేమోనని కింద రెండు ఇంజినీరింగ్ డ్రాయింగ్ పుస్తకాలు పెట్టి టేబుల్ ఫ్యాన్ కూడా తిప్పాను. ఇంకేం చేయాలో తోచట్లేదు. గేమ్ రిఫండ్ టైమ్ కూడా అయిపోయింది.

రాత్రి_డ్యూటీ:

ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ మీద ఓపెన్ వరల్డ్ గేములా బ్రో, స్కూటీకి ట్రాలీ కట్టి ఇటుకలు లాగినట్టుంది. డెస్క్‌టాప్ కొనుక్కో.

బెజవాడ_బిట్లు:

పైన చెప్పింది పట్టించుకోకు తమ్ముడూ. ఆ గేమ్ పీసీకి వచ్చింది 2015లో, అప్పట్లో కనీసం కావాలన్నది 4 జీబీ ర్యామ్, 1 జీబీ పాత కార్డ్. నీ చిప్ దానికంటే చాలా మెరుగు, లో సెట్టింగ్స్‌లో నిక్షేపంగా ఆడుకోవచ్చు. ఒకటి చెప్పు, నువ్వు దించింది లెగసీయా (మొదటి పాత వెర్షన్), ఎన్‌హాన్స్‌డా (కొత్త మెరుగుపెట్టిన వెర్షన్)? 2025 మార్చిలో వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ అయితే అది 4 జీబీ సొంత మెమరీ ఉన్న కార్డ్ అడుగుతుంది, దానితో నీకు తిప్పలే. లెగసీ అయితే సమస్య వేరే చోట ఉంది.

ముందుగా డ్రైవర్ చూడు, అంటే గ్రాఫిక్స్ చిప్‌ని విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్. విండోస్ అప్‌డేట్ తనంతట తాను ఏదో పాత డ్రైవర్ ఎక్కించి ఉండొచ్చు. నీ ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో నీ మోడల్‌కి ఇచ్చిన డ్రైవర్ తేదీ, ఇంటెల్ సైట్‌లో ఉన్నదాని తేదీ పక్కపక్కన పెట్టి చూసి కొత్తది వెయ్యి. వేసేటప్పుడు క్లీన్ ఇన్‌స్టాలేషన్ అనే టిక్కు పెట్టు, లేకపోతే పాత సెట్టింగ్స్ అట్టే ఉండిపోతాయి. నెట్ తీసేసి చెయ్యి, లేదంటే మధ్యలో విండోస్ దూరి మళ్లీ తనదే పెడుతుంది.

పులిహోర_పొట్లం:

లెగసీయే అన్నా. డ్రైవర్ మీరు చెప్పినట్టే నెట్ తీసి క్లీన్‌గా వేశాను. సాయంత్రం ఆడాను, 22 నిమిషాలకు సేమ్ టు సేమ్, అదే ఎడారి రోడ్డు. ఇప్పుడు నిజంగా టెన్షన్ వస్తోంది, చిప్ పోయిందేమో అని. వారంటీ కూడా పోయిన నెలే అయిపోయింది.

ఓరుగల్లు_ఓవర్‌క్లాక్:

బయాస్‌లోకి (విండోస్ రాకముందు వచ్చే సెట్టింగ్స్) వెళ్లి గ్రాఫిక్స్ మెమరీ పెంచు బ్రో. డీవీఎంటీ అని ఉంటుంది, 64 ఎంబీ ఉంటే 512 చెయ్యి. అది కనిపించకపోతే రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగ్స్ పట్టిక) ఇంటెల్ కింద జీఎంఎం అని ఒక కీ చేసి అందులో 512 పెట్టు, వీర్యామ్, అంటే గ్రాఫిక్స్ మెమరీ, పెరుగుతుంది. దాంతో పాటు టీడీఆర్ డిలే కూడా 10 చెయ్యి, క్రాష్ ఆగిపోతుంది.

కంట్రోల్_ఆల్ట్_పులుసు:

ఆగండాగండి. ఇలా ఒకరి తర్వాత ఒకరు చిట్కాలు చెప్తూ పోతే ఈ అబ్బాయి ల్యాప్‌టాప్‌లో రేపటికి ఏ సెట్టింగూ మొదట ఉన్నచోట ఉండదు. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా నాలుగు రకాల మాత్రలు మింగించినట్టుంది.

రిజిస్ట్రీలో పెట్టే ఆ 512 ఉత్త అంకె. గేమ్ "నీ దగ్గర ఎంత మెమరీ ఉంది" అని అడిగితే విండోస్ చెప్పే సమాధానం మారుతుంది, అసలు మెమరీ ఒక్క ఎంబీ కూడా పెరగదు. బయాస్‌లో పెంచితే నిజంగానే పక్కన పెడుతుంది, కానీ పెట్టేది ఎక్కణ్నుంచి? ఉన్న 8 జీబీలోంచే. ఇంటిగ్రేటెడ్ చిప్‌కి సొంత ఇల్లు ఉండదు, ర్యామ్‌లోనే అద్దెకుంటుంది, అవసరమైనప్పుడు సుమారు సగం దాకా వాడుకుంటుంది. కొన్ని పాత గేములు సొంత మెమరీ ఎంతో చూసి అసలు ఓపెన్ అవనప్పుడు మాత్రమే ఆ అంకె పనికొస్తుంది. ఇక్కడ గేమ్ ఓపెన్ అవుతోంది కదా.

టీడీఆర్ అంటే, గ్రాఫిక్స్ చిప్‌కి ఇచ్చిన పని మీద 2 సెకన్ల దాకా ఉలుకూ పలుకూ లేకపోతే విండోస్ డ్రైవర్‌ని రీసెట్ చేసే ఏర్పాటు. దాన్ని 10 చేస్తే బిగుసుకుపోయిన స్క్రీన్‌ని 2 సెకన్ల బదులు 10 సెకన్లు చూస్తూ కూర్చుంటావు. పైగా ఇక్కడ జరిగేది అదేనో కాదో ఎవరూ చూడనేలేదు.

అందుకని @పులిహోర_పొట్లం, ఈవెంట్ వ్యూయర్ ఓపెన్ చెయ్యి, విండోస్ తనలో జరిగినవి రాసుకునే చిట్టా అది. విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్. క్రాష్ అయిన నిమిషం దగ్గరికి వెళ్లి అక్కడ ఏం నంబర్ ఉందో రాయి. 4101 ఉంటే, డిస్‌ప్లే డ్రైవర్ పలకడం మానేసి మళ్లీ కోలుకుంది అని అర్థం, అప్పుడు డ్రైవర్ గురించో చిప్ గురించో మాట్లాడుకోవచ్చు. ఇంకేదైనా ఉంటే దాని దారి వేరు. ఇంకో పని, గేమ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీకి వెళ్లి కమిటెడ్ అని ఉన్నచోట గీతకి అటూ ఇటూ ఏం అంకెలున్నాయో, స్లాట్స్ యూజ్డ్ దగ్గర ఏముందో చెప్పు. ఆ తర్వాతే ఏదైనా మార్చు.

వేడి గురించి కూడా ఒక మాట. వేడెక్కితే ఈ ప్రాసెసర్లు ముందు వేగం తగ్గించుకుంటాయి, అంటే ఫ్రేములు పడిపోతాయి, నత్తనడక నడుస్తుంది. మరీ హద్దు దాటితే మెషీన్ మొత్తం టక్కున ఆరిపోతుంది. గేమ్ ఒక్కటే మూసుకుని డెస్క్‌టాప్ మామూలుగా ఉందంటే నా అనుమానం వేడి మీద లేదు. ఫ్యాన్ నువ్వు తిప్పుకో, పుస్తకాలు చదువుకో.

పులిహోర_పొట్లం:

అన్నా, ఇప్పుడే చూశాను. 4101 ఒక్కటే ఉంది, అదీ నెల కిందటిది, అప్పటికి ఈ గేమ్ లేదు. కానీ ఈ మూడు రోజుల్లో ప్రతి క్రాష్ దగ్గరా పసుపు రంగు హెచ్చరిక ఉంది, నంబర్ 2004, పక్కన రిసోర్స్ ఎగ్జాషన్ డిటెక్టర్ అని రాసుంది. అలాంటివి మొత్తం 9 లెక్కపెట్టాను. లోపల వర్చువల్ మెమరీ తక్కువైందని, ఎక్కువ తింటున్న ప్రోగ్రాముల పేర్లు ఉన్నాయి. మొదటిది గేమ్, రెండోది క్రోమ్.

టాస్క్ మేనేజర్‌లో కమిటెడ్ 7.5 / 7.7 జీబీ. స్లాట్స్ 2లో 1.

కంట్రోల్_ఆల్ట్_పులుసు:

అన్నా కాదు, అక్క.

దొంగ దొరికాడు. ఆ గీత తర్వాత ఉన్న 7.7 చూడు. అది నీ ర్యామ్ ఎంతో అది కాదు, విండోస్ మొత్తం ఎంతవరకు మెమరీ ఇస్తానని మాటివ్వగలదో ఆ హద్దు. ర్యామ్, దానికి తోడు డిస్క్ మీద ఉండే పేజ్ ఫైల్, రెండూ కలిపిన లెక్క. 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు మెషీన్‌లో అక్కడ 10, 12, ఇంకా పైన ఉండాలి. నీకు ర్యామ్ ఎంతో సరిగ్గా అంతే ఉందంటే పేజ్ ఫైల్ ఆపేసి ఉంది. నువ్వు ఆపావా?

సిటీలో ఉన్నంతసేపు 7.7లో ఎలాగోలా నెట్టుకొస్తోంది. నువ్వు 150 స్పీడులో ఊరు దాటగానే కొండలు, గడ్డి, కొత్త రోడ్లు అన్నీ ఒకేసారి లోడ్ అవ్వాలి, గ్రాఫిక్స్‌కి కావలసిన ఆ మెమరీ కూడా ఇదే సంచీలోంచి తీయాలి. సంచీ ఖాళీ, విండోస్ లేదు పొమ్మంటుంది, గేమ్‌కి అది గ్రాఫిక్స్ ఎర్రర్‌లా కనిపిస్తుంది. అందుకే అందరం డ్రైవర్ మీద పడ్డాం.

పులిహోర_పొట్లం:

సారీ అక్కా!! అయ్యో, గుర్తొచ్చింది. ఎండాకాలం సెలవుల్లో "లో ఎండ్ ల్యాప్‌టాప్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) డబుల్" అని ఒక వీడియో చూసి అందులో చెప్పినవన్నీ వరసగా చేశాను, అందులో ఎస్ఎస్‌డీ అరిగిపోతుంది కాబట్టి వర్చువల్ మెమరీ, అంటే మీరు చెప్పిన ఆ పేజ్ ఫైలే, తీసేయమన్నారు. అప్పట్లో ఆడింది చిన్న చిన్న గేములు, ఏమీ కాలేదు. పూర్తిగా మర్చిపోయాను. మళ్లీ ఎలా పెట్టాలి?

బెజవాడ_బిట్లు:

ఒప్పుకుంటున్నాను, నేను కూడా ముందు లాగ్ అడగాల్సింది. రన్‌లో సిస్‌డీఎమ్ డాట్ సీపీఎల్ కొట్టు, అడ్వాన్స్‌డ్, పెర్ఫార్మెన్స్ సెట్టింగ్స్, మళ్లీ అడ్వాన్స్‌డ్, వర్చువల్ మెమరీ దగ్గర ఛేంజ్. పైన ఆటోమేటిక్‌గా మేనేజ్ చేయమనే టిక్కు పెట్టి రీస్టార్ట్ చెయ్యి. సొంతంగా అంకెలు వేయకు, సీ డ్రైవ్‌లో మాత్రం ఒక 15, 20 జీబీ ఖాళీ ఉంచు. ఎస్ఎస్‌డీ అరుగుదల భయం అక్కర్లేదు, నీ వాడకానికి అది అరిగేలోపు ల్యాప్‌టాపే పాతదైపోతుంది.

గేమ్ గ్రాఫిక్స్ పేజీలో ఇగ్నోర్ సజెస్టెడ్ లిమిట్స్ అని ఒకటి ఉంటుంది, అది ఆన్ చేసుంటే ఆఫ్ చెయ్యి. టెక్స్చర్ నార్మల్, గడ్డి నార్మల్, అంచులు నునుపు చేసే ఎంఎస్ఏఏ ఆఫ్. ఊరి బయట ఈ చిప్‌ని ఎక్కువ పిండేది ఆ గడ్డే. ఆడేటప్పుడు క్రోమ్ మూసెయ్.

కంట్రోల్_ఆల్ట్_పులుసు:

డైరెక్ట్ఎక్స్ తిరిగి 11కి పెట్టుకో, క్రాష్‌లో దాని తప్పేం లేదు. మళ్లీ చెప్తున్నా, ఒక్కొక్కటీ మార్చి చూడు. ముందు పేజ్ ఫైల్ ఒక్కటే పెట్టి అదే ఎడారి రోడ్డు మీద నడుపు.

ఇంకోటి. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఏం పేరుంది? నీ ప్రాసెసర్‌తో వచ్చేది ఐరిస్ ఎక్స్ఈ. కానీ నీకు స్లాట్ ఒక్కటే నిండింది కాబట్టి అక్కడ ఉత్త యూహెచ్‌డీ అని ఉంటుందని నా పందెం.

పులిహోర_పొట్లం:

అక్కా మీరు జ్యోతిష్యం కూడా చెప్తారా. యూహెచ్‌డీ అనే ఉంది! పైన కీబోర్డ్ పక్కన స్టిక్కర్ మీద మాత్రం ఐరిస్ ఎక్స్ఈ అని మెరుస్తోంది. మోసపోయానా?

కంట్రోల్_ఆల్ట్_పులుసు:

మోసం కాదు, చిప్ అదే. ర్యామ్ రెండు దారుల్లో, అంటే డ్యూయల్ ఛానెల్‌లో నడిస్తేనే డ్రైవర్ దానికి ఐరిస్ ఎక్స్ఈ అన్న పేరు చూపిస్తుంది, ఒకటే స్టిక్ ఉంటే యూహెచ్‌డీ అంటుంది. పేరు సంగతి అలా ఉంచు. డీడీఆర్4 3200 స్టిక్ ఒకటి ఉంటే సెకనుకు 25.6 జీబీ, రెండుంటే 51.2. విడి కార్డ్‌కి తన సొంత మెమరీ ఉంటుంది కాబట్టి దానికి ఈ బాధ అంతగా ఉండదు, నీ చిప్‌కి మాత్రం ఉన్న ఒక్క దారిలోనే ప్రాసెసర్‌తో పాటు క్యూ కట్టాలి. డబ్బులు ఉన్నప్పుడు ఇంకో 8 జీబీ డీడీఆర్4 స్టిక్ వేయించుకో, డెస్క్‌టాప్‌ది కాదు, ల్యాప్‌టాప్‌కి వేసే సోడిమ్. క్రాష్‌కీ మేలే, ఫ్రేములకీ మేలే. వేసేముందు ఛార్జర్ తీసెయ్యి, మెషీన్ పూర్తిగా షట్‌డౌన్ అయ్యుండాలి. చేతకాకపోతే షాపులో వేయించుకో.

రాత్రి_డ్యూటీ:

చూశారా, స్కూటీకి రెండో సైలెన్సర్ కూడా పెట్టిస్తున్నారు. జోక్ చేశాను తమ్ముడూ, ఆడుకో. నేనూ కాలేజీ రోజుల్లో ఇలాంటి దాని మీదే 25 ఎఫ్‌పీఎస్‌లో మొత్తం స్టోరీ పూర్తి చేసినవాణ్నే.

పులిహోర_పొట్లం:

అప్‌డేట్. పేజ్ ఫైల్ ఆటోమేటిక్ పెట్టి రీస్టార్ట్ చేశాను, ఇప్పుడు కమిటెడ్ దగ్గర గీత తర్వాత 12.4 చూపిస్తోంది. నిన్న రాత్రి 3 గంటలు ఆడాను, ఎడారి, ఆ పెద్ద కొండ, సముద్రం ఒడ్డు రోడ్డు అన్నీ తిరిగాను, ఒక్క క్రాష్ లేదు. గేమ్ ఆడుతుండగా కమిటెడ్ 9.1 దాకా వెళ్లింది, అంటే ఇన్నాళ్లూ 7.7లో పట్టించమంటే ఎక్కడ పడుతుంది పాపం. లాగ్‌లో 2004 మళ్లీ రాలేదు.

రూమ్మేట్‌ది పాత ల్యాప్‌టాప్ ఒకటి మూలన పడుంది, అందులో ఉన్న 8 జీబీ స్టిక్ కూడా ఇదే రకం, బతిమాలి ఈరోజు పొద్దున వేసి చూశాను. పేరు ఐరిస్ ఎక్స్ఈ అయింది! అదే రోడ్డు మీద, అవే సెట్టింగ్స్‌లో 30 దగ్గర కొట్టుకునేది 45 దాటింది. వాడు ఇప్పుడు స్టిక్ అద్దెకింద రోజుకో బిర్యానీ అడుగుతున్నాడు. ఆ వీడియో కింద కూడా కామెంట్ పెట్టాను, వర్చువల్ మెమరీ తీసేయమనొద్దు, గేములు క్రాష్ అవుతాయి అని. గంటలో డిలీట్ చేసేశారు.

గోంగూర_గేమర్:

మీ థ్రెడ్ మొదటి నుంచి చదివి నా దాంట్లో కూడా టాస్క్ మేనేజర్ తీశాను. 7.6 / 7.7. వేరే గేమ్, ఇదే రకం క్రాష్, నెల నుంచి ల్యాప్‌టాప్‌ని తిడుతున్నాను. నేనూ అదే వీడియో చూశాను అనుకుంటా.