ఎక్స్‌పర్ట్‌లు తలో మాట చెప్తే ఓటేసేటోడు ఎట్ల తెల్సుకోవాలె?

మూసీ_పక్కోడు:
మా కాలనీ గ్రూప్‌ల 111 జీవో మీద రోజూ లొల్లే, అదే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల చుట్టూ కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన సర్కారు ఆర్డర్. ఒక ప్రొఫెసర్ వీడియో పెడ్తరు, ఆంక్షలు తీస్తే సిటీ మునుగుతది అంటడు. గంటకి ఇంకో ఇంజనీర్ వీడియో, ఇప్పుడు సిటీకి నీళ్ళు కృష్ణా గోదావరి నుంచే వస్తున్నయ్ ఇంక ఆంక్షలెందుకు అంటడు. ఇద్దరికీ డిగ్రీలున్నయ్, నేనేమో బీకాం. ఓటేసేది మాత్రం నేనే కదా. సీరియస్‌గ అడుగుతున్న, పార్టీలోళ్ళు జర దూరముండుండ్రి.

కేపీహెచ్‌బీ_ఫేజ్3:
బ్రో, ఆ ఇంజనీర్ గారు తాగే నీళ్ళ గురించే చెప్పారు, వరద సంగతి ఎత్తలేదు చూశారా. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టింది 1908 వరద తర్వాత, విశ్వేశ్వరయ్య గారి సలహాతో, మూసీ వరదని పైనే ఆపడానికి కూడా. సో పైన కాంక్రీట్ పెరిగితే వాన నీళ్ళు ఎంత స్పీడ్‌గా దిగుతాయి అన్నది హైడ్రాలజీ వాళ్ళు లెక్క కట్టి చెప్పాలి, అక్కడ మన ఒపీనియన్ పనికిరాదు. కానీ 1996 నుంచి 84 ఊళ్ళ వాళ్ళు భూమిలో పెద్దగా ఏమీ కట్టుకోలేక కూర్చున్నారు, ఆ నష్టం ఎవరు మోయాలి అన్నది ఏ పీహెచ్‌డీ తేల్చదు, మనమే తేల్చుకోవాలి. టీవీలో సార్లు మొదటిది చెప్తూ చెప్తూ రెండోదాంట్లోకి జారిపోతారు, అదే గొంతుతో. అక్కడ పట్టుకోండి.

జహీరాబాద్_జొన్నరొట్టె:
పట్టుకునుడు మంచిదే గానీ వీడియోని ఎట్ల అడుగుతవ్ అన్నా? మా దిక్కు 2001ల ప్రజాతీర్పు అని మామూలు జనంతోని ఒక జ్యూరీ పెట్టిండ్రు, అప్పటి ఏపీ సర్కారు ప్లాన్ విజన్ 2020 మీద. జ్యూరీల ఎక్కువ చిన్న రైతులే, అందుల ఆడోళ్ళే ఎక్కువ. వ్యవసాయం ముందుముందు ఎట్లుండొచ్చో మూడు రకాలుగ వీడియోలు చూపెట్టిండ్రు, తర్వాత సర్కారోళ్ళు, కంపెనీలోళ్ళు, సైంటిస్టులు సాక్షుల లెక్క వచ్చి కూసుంటే వీళ్ళు ఎదురు ప్రశ్నలేసిండ్రు. భూమిని నమ్ముకొని బతికేటోళ్ళని 70 శాతం నుంచి 40కి తగ్గిస్తం అని ఆ ప్లాన్‌ల అంటే, మరి మిగిలినోళ్ళు ఏం పని చెయ్యాలె? చదువు రానోళ్ళకి సైన్స్ అర్థం కాదు అనేటోళ్ళు ఆ జ్యూరీ తీర్పు సదివితే మంచిగుంటది. ఉపన్యాసం ఇంటే తలకాయ ఊపుతం, ప్రశ్న అడిగితేనే తెలుస్తది.

లాయర్_కాదు_క్లర్క్:
బాగుంది కానీ సాక్షుల్ని ఎంపిక చేసిందెవరు? ఆ ప్రజాతీర్పు మీదే తర్వాత పెద్ద గొడవైంది, అప్పట్లో ఏపీకి డబ్బులిచ్చే బ్రిటన్ సర్కారు సాయం శాఖ డీఎఫ్ఐడీ వాళ్ళు ఇది ఏకపక్షంగా నడిచిందన్నారు. వాళ్ళ ప్రాజెక్టులకే దెబ్బ కాబట్టి అన్నారనుకోండి, అయినా ప్రశ్న ప్రశ్నే. ఎవరు ఏ ఎక్స్‌పర్ట్‌ని తెచ్చారో తెలిస్తే సగం తీర్పు ముందే తెలిసిపోతుంది.

మూసీ_పక్కోడు:
అంటే ఎక్స్‌పర్ట్‌ని పిలిచేటోడి మీద ఇంకో ఎక్స్‌పర్ట్ కావాలె?

లాయర్_కాదు_క్లర్క్:
నవ్వకండి, ఐర్లాండ్‌లో దాదాపు అదే చేశారు. 2016లో అబార్షన్ నిషేధం మీద 99 మంది మామూలు జనాన్ని, పైన సుప్రీంకోర్టు జడ్జిని పెట్టారు. డాక్టర్లు, లాయర్లు వచ్చి చెప్పారు, రెండు వైపుల సంఘాలకీ టైమిచ్చారు, ఆ మాటలు లైవ్‌లో జనం చూశారు. అయినా ఆ 99 మంది మాటే ఫైనల్ అనలేదు, 2018లో రెఫరెండం పెడితే నిషేధం తీసేయడానికి 66 శాతం ఓటేశారు. మనకి ఆ రెండో మెట్టు లేదు, పొద్దున లేచేసరికి జీవో వచ్చేస్తుంది.