మర్డర్ మిస్టరీ వీకెండ్‌లో ఆటేదో నిజమేదో తెలియక హడలిపోయినవాళ్లు ఉన్నారా?

కొండగాలి:
మా ఆఫీసువాళ్లు వికారాబాద్ అనంతగిరి కొండల దగ్గర ఒక రిసార్టులో రెండు రోజుల మర్డర్ మిస్టరీ ఆట పెట్టారు. ఒకరు హత్యకి గురైనట్టు నటిస్తే, చంపిందెవరో మిగతావాళ్లు క్లూలు వెతికి తేల్చాలి. వెళ్లగానే తలా ఒక కవరు చేతికిచ్చారు. నాది దివాను వేషం. చనిపోవాల్సిన జమీందారు మా టెస్టింగ్ టీమ్ సీనియర్, అందరం అన్నా అనే పిలుస్తాం. శనివారం రాత్రి భోజనాలకి ముందు లైట్లు ఆర్పుతారు, కేక వినబడుతుంది, లైట్లు వేసేసరికి అన్న కింద పడుండాలి. అచ్చం అలాగే పడున్నాడు.

మేం చుట్టూ మూగి జేబులు తడిమాం, ఫొటోలు తీసుకున్నాం. పిలిస్తే ఉలకడు పలకడు. "అబ్బ, ఏం జీవిస్తున్నాడ్రా" అని ఒకటే పొగడ్తలు. ఏసీ హాల్లో ఆయన నుదుటి మీంచి చెమట చెవిలోకి కారుతోంది. కాలరంతా తడిసిపోయింది. ఒకమ్మాయి దాన్ని కూడా తన నోట్‌బుక్‌లో రాసుకుంది: "చెమట. విషం ఇచ్చారా?" అని.

ప్లేట్లు సర్దుతున్న వెయిటరు వచ్చి, చెయ్యి పట్టుకుని చూసి, "సార్‌కి షుగరుందా?" అన్నాడు. ఉంది. భోజనం టైమని ఇన్సులిన్ వేసుకున్నాడు. ఆట కోసం భోజనాలు వెనక్కి జరిపారు. 108 వాళ్లు వచ్చి గ్లూకోజ్ ఎక్కించాక కళ్లు తెరిచాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఇలాంటివి ఇంకెవరికైనా జరిగాయా?

నైట్‌డ్యూటీ నర్సు:
ఆ వెయిటరుకి దండం పెట్టాలి. షుగర్ పడిపోతే ముందు చెమట, వణుకు, తికమక మాటలు, ఆ తర్వాత స్పృహ పోవడం. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లూ పంచదారా ఏదీ పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి. మెలకువగా ఉంటే మాత్రం 15 గ్రాముల గ్లూకోజో పంచదారో ఇచ్చి, 15 నిమిషాలాగి మళ్లీ షుగర్ చూడాలి.

శంకర్‌పల్లి శీను:
మాది పోలీసు కథ. ఫామ్‌హౌస్‌ల దోస్తులందరం కలిసి పెట్టుకున్నం. నెత్తురు కోసం పసుపుల సున్నం కలిపినం, ఎర్రగ మస్తు వచ్చింది. మావోడొకడు ఆ రంగు పూసుకొని గేటు కాడ బోర్ల పడుకున్నడు. పొద్దుగూకినంక పొలంకెల్లి పోతున్న ఒక పెద్దమనిషి చూసి 112కి కొట్టిండు.

ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చిన్రు. మేమేమో మనోళ్లే ఎవరో సర్‌ప్రైజ్ యాక్టర్లను పంపిన్రని చప్పట్లు కొట్టినం. ఒకడైతే "మీసం పెట్టుడుదే" అనుకుంట ఎస్సై మీసం గుంజనీకి చెయ్యి చాపిండు. ఇగ తర్వాత ఏమైందో నన్నడగకుండ్రి. శవం లేచి నిలబడ్డా ఆయన నమ్మలే. అందరి ఆధార్‌లు చూసి, ఇల్లంత తిరిగి, అర్ధరాత్రి దాటినంక పోయిన్రు.

పల్నాటి_ప్రశ్న:
ఆ పెద్దమనిషి మీద తప్పుడు సమాచారం కేసేమన్నా పెట్టారా?

శంకర్‌పల్లి శీను:
ఎందుకు పెడ్తరన్నా? అబద్ధమని తెలిసి చెప్తేనే కదా భారతీయ న్యాయ సంహిత 217 సెక్షన్. ఆయన కండ్లకైతె శవమే కనవడ్డది. తెల్లారి పోయి దండం పెట్టొచ్చినం.

లీడ్స్‌లో లక్ష్మి:
ఇక్కడ ఇంగ్లండులో పాత హోటళ్లలో ఇలాంటి వీకెండ్లు మామూలే. హంతకుణ్ని పట్టుకునే బోర్డు గేమ్ క్లూడోని కనిపెట్టిన ఆంథొనీ ప్రాట్ కూడా హోటళ్లలో పియానో వాయిస్తూ అతిథులు ఆడే ఈ హత్యల ఆటలు చూసినవాడే. 1949లో దాన్ని అమ్మకానికి తెచ్చిన వాడింగ్టన్స్ మా ఊరి కంపెనీ.

మేం వెళ్లినప్పుడు అర్ధరాత్రి ఫైర్ అలారం మోగింది. ఒక్కరంటే ఒక్కరు బయటికి కదల్లేదు! కారిడార్లో నిలబడి, పనిమనిషి వేషంలో ఉన్న నటిని "అలారం ఎవరు నొక్కారు? అప్పుడు నువ్వెక్కడున్నావు?" అని నిలదీస్తున్నారు. ఆ పిల్ల "ఇది ఆట కాదండీ బాబూ" అని ఏడుపు మొహం పెడితే, ఆహా ఎంత సహజం అన్నారు. వంటింట్లో పొగ, అంతే, మంటల్లేవు.

కొండగాలి గారు రాసింది చదివితే ఇక్కడి కమెడియన్ టామీ కూపర్ గుర్తొచ్చాడు. 1984 ఏప్రిల్ 15న లండన్‌లో టీవీ లైవ్ షో మధ్యలో గుండెపోటుతో స్టేజీ మీదే కూలబడ్డాడు. అదీ కామెడీయే అనుకుని జనం నవ్వుతూనే ఉన్నారు.

బోరు_కొట్టింది:
ఇంత ఖర్చు, ఇంత భయం దేనికి? రాజు, మంత్రి, దొంగ, పోలీసు చీటీలు వేసుకుంటే పోలా.

కోనసీమ కొబ్బరాకు:
రిసార్టులే అక్కర్లేదండి, ఇంట్లో ఆడినా కొంప మునుగుతుంది. సంక్రాంతికి అందరం అమలాపురం దగ్గర మా తాతగారింట్లో చేరాం. మా బావ కథ రాశాడు. వడ్డీ వ్యాపారిని ఎవరో చంపేశారు, ఎందుకు చంపారో తేల్చాలి. సాక్ష్యం పాతగా కనబడాలని అటక మీద ట్రంకుపెట్టెలోంచి ఏవో కాయితాలు తీసి కవర్లలో పెట్టాడు, చదవకుండానే.

పదేళ్ల మా మేనకోడలికి ఒక కవరొచ్చింది. నిలబడి గట్టిగా చదివింది. ప్రామిసరీ నోటండి. రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా మా బాబాయి సంతకం, ఇచ్చినవారు మా పెద్ద మావయ్య. ఇద్దరూ ఆ గదిలోనే ఉన్నారు. మావయ్య తింటున్న జంతిక పళ్లెంలో పెట్టేశారు. బాబాయి ఫ్యాను వంక చూస్తున్నారు. ఆ పిల్ల ఊరుకోదే, "మరి డబ్బులు ఇచ్చేశారా, లేదా? అందుకేనా చంపారు?" అని డిటెక్టివులా బాబాయి ముందుకొచ్చి నిలబడింది. మా అత్తయ్య పాకం మాడిపోతోందంటూ లేచింది. పొయ్యి మీద పాకమే లేదు.

పల్నాటి_ప్రశ్న:
నోటుకి మూడేళ్లే గడువండి, ఎప్పుడో కాలం చెల్లిపోయుంటుంది.

కోనసీమ కొబ్బరాకు:
కోర్టుకి చెల్లిందండి. మావయ్యకి చెల్లలేదు.

తెరవెనక:
నేను వైజాగ్‌లో ఈ ఆటలు నడిపిస్తుంటాను. పైన రాసినవాటన్నిట్లో ఒకటే తంతు. కనబడిందల్లా క్లూయే అని ముందే చెప్పేస్తాం. ఇక చెమటైనా అలారమైనా పోలీసైనా క్లూ కాకుండా పోతుందా? అందుకే ఆటలో ఎక్కడా వాడని మాట ఒకటి విడిగా ఉంచాలి. నార్డిక్ దేశాల లార్ప్ ఆటల్లో (వేషాలు కట్టి పాత్రల్లా మసలే ఆటలు) ఎవరైనా "కట్" అంటే అందరూ ఆగాలి, "బ్రేక్" అంటే జోరు తగ్గించాలి. మావాళ్లకి "తూచ్" అని చెబుతాను, చిన్నప్పట్నుంచీ అలవాటే కదా. దాన్ని అబద్ధానికి వాడినవాళ్లని ఆటలోంచి తీసేస్తాను, ఎంత పెద్ద మేనేజరైనా సరే.

శవం వేషానికి మనిషి కావాలంటే, దీపాలు వెలగ్గానే నేను భుజం తడతాను, లేచి వెళ్లిపోవాలి. ఆ చోట సుద్దముక్కతో గీత గీస్తాం. భోజనం వేళ ఆట కోసం జరపను. స్టేషన్లో, చుట్టుపక్కల ఇళ్లలో పొద్దున్నే చెప్పొస్తాను. కాయితాలన్నీ కొత్తవే, టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెడితే నలభై ఏళ్లవిలా కనబడతాయి. అటకలూ ట్రంకుపెట్టెలూ ముట్టుకోవద్దు.

కొండగాలి:
తూచ్ బాగుంది, మా హెచ్‌ఆర్‌కి పంపిస్తా. వాళ్లు ఈసారికి అంత్యాక్షరి అంటున్నారు.