ఈ బాతు మలార్డ్, బ్లాక్ డక్‌ల సంకరమేనా?

న్యూజెర్సీలో మా ఇంటి దగ్గరి చెరువులో జనవరి మొదటి వారం నుంచి మలార్డ్ బాతుల (మగవాటికి ఆకుపచ్చ తల ఉండే అడవి బాతులు) గుంపుతో ఒక కొత్త బాతు తిరుగుతోంది. దాన్ని పోల్చుకోలేక సతమతమవుతున్నాను.

పరిమాణంలో మలార్డ్ అంతే ఉంది. ఒళ్లంతా ముదురు గోధుమ రంగు, రొమ్ము మీద కాస్త ఎరుపు జీర. తల బూడిద రంగే కానీ, కంటి వెనక నుంచి మెడ దాకా ఆకుపచ్చ చార ఉంది. ఎండ పడితేనే అది మెరుస్తుంది, మబ్బు పడితే నల్లగా కనిపిస్తుంది. ముక్కు పసుపు రంగులో ఉంది, మచ్చలేమీ లేవు. కాళ్లు నారింజ రంగు. తోక మీద రెండు ఈకలు కొద్దిగా పైకి వంకర తిరిగాయి. రెక్క మీది ఊదా నీలం పట్టీకి వెనక అంచున సన్నని తెల్లగీత ఉంది, ముందు అంచున దాదాపు లేనట్టే.

ఆడ మలార్డ్ అనుకుందామంటే ముక్కు మీద నల్లమచ్చలు ఉండాలి. వేసవి చివర రంగు కోల్పోయిన మగది అనుకోవడానికి ఇది జనవరి. అచ్చమైన బ్లాక్ డక్‌కు (ఒళ్లంతా ముదురు గోధుమ రంగుండే అమెరికా అడవి బాతు) తల మీద ఆకుపచ్చ ఉండదు. పక్షుల పుస్తకంలోని బొమ్మలతో పోల్చి చూశాను, తేలలేదు. ఫోనులోని యాప్ ఒక ఫొటోకు మలార్డ్ అని, మరో ఫొటోకు బ్లాక్ డక్ అని చెప్పింది.

ముదురు రంగు పెంపుడు బాతులు మలార్డ్‌లతో కలిసినా ఇలాంటివే పుడతాయని తెలిసి అనుమానం ఇంకా పెరిగింది. అయితే దీని రొమ్ము మీద తెల్లమచ్చ లేదు, పొట్ట బరువుగా వేలాడటం లేదు, చక్కగా ఎగురుతోంది.

ఈ లక్షణాలను బట్టి ఇది మలార్డ్, బ్లాక్ డక్‌ల సంకరమా, లేక పెంపుడు బాతు రక్తం కలిసిన మలార్డా?