కంపెనీ పాత ల్యాప్‌టాప్‌లతో మహిళా సమాఖ్యలో ట్రైనింగ్: లైనక్సా, విండోసా?

అందరికీ నమస్కారం. ఒక ఐటీ కంపెనీ మండల మహిళా సమాఖ్యకి 20 ల్యాప్‌టాప్‌లు ఇస్తోంది. అన్నీ ఆరో తరం ఐ5, 8 జీబీ ర్యామ్. డేటా భయంతో డిస్కులు పీకేశారు, కాబట్టి 256 జీబీ ఎస్‌ఎస్‌డీలు కొనాలి. ఈ ప్రాసెసర్లు విండోస్ 11 అర్హత జాబితాలో లేవు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ బదులు వాడే ఉచిత సిస్టం లైనక్స్ మింట్ హాయిగా నడుస్తుంది, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా వస్తుంది. కానీ డీటీపీ షాపుల్లో పని దొరకాలంటే ‘అను’ తెలుగు ఫాంట్లు, లెక్కల పనికి టాలీ రావాలి. రెండూ విండోస్ సరుకే. 15 మింట్, 5 విండోస్ పెట్టి నడిపినవాళ్లున్నారా? బ్యాచ్‌లు ఎలా తిప్పారు?

ఇంకోటి, కరెంటు. పనిలో ఒక్కోటి సుమారు 30 వాట్లు, మొత్తం 600. బ్యాటరీలు ఖాళీ అయి అన్నీ ఒకేసారి చార్జింగ్‌కి పెడితే 65 చొప్పున 1300 దాకా పోతుంది, 900 వీఏ ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. సగం సగం పెట్టడం తప్ప దారి ఉందా?

బయోస్ పాస్‌వర్డ్ తీయించాం. సీరియల్ నంబర్లు కంపెనీ ఆటోపైలట్ (ల్యాప్‌టాప్‌లను కంపెనీ పేరున నమోదు చేసే మైక్రోసాఫ్ట్ సేవ) నుంచి తొలగించకపోతే విండోస్ ఎక్కించగానే వాళ్ల లాగిన్ అడుగుతుంది కదా, ఆ తొలగింపుకి రుజువుగా ఏం రాయించుకోవాలి?

చివరిది: ఎస్‌ఎస్‌డీల ఖర్చు సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత ఖర్చు) కింద ఇస్తామంటున్నారు. సమాఖ్యది మాక్స్ (పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం) రిజిస్ట్రేషన్. సీఎస్‌ఆర్ డబ్బుతో పని చేసే సంస్థలకి ఉండాల్సిన సీఎస్‌ఆర్-1 నంబరు లేదు. కంపెనీయే నేరుగా షాపుకి బిల్లు కట్టేలా ఎవరైనా చేయించారా?